సాక్ష్యంలో చెప్పని సగం

ఆరాధన జరిగేటప్పుడు మా మందిరంలో కళ్ళు తెరుచుకుని ఉండేది ఇద్దరే. ఒకరు అయ్యగారు, అంటే మా పాస్టరుగారు. సంఘాన్ని కనిపెట్టుకుని ఉండటం ఆయన పని. రెండోదాన్ని నేను. కళ్ళు మూసుకుంటే నాకు ప్రార్థన మీద ధ్యాస నిలవదు, కుట్టి ఇవ్వాల్సిన జాకెట్లన్నీ వరుసకట్టి కనిపిస్తాయి. అందుకని కళ్ళు తెరిచే పాడతాను. ఎవరి జాకెట్టు చంకలో పట్టేసింది, ఎవరు పాత చీరకు కొత్త ఫాల్ వేయించుకున్నారు, అన్నీ కనబడుతుంటాయి. కుట్టుపనిదాని కళ్ళు, దేవుడి ముందు కూడా ఊరుకోవు.

ఆ ఆదివారం ముందు చాప మీద మా అత్తమ్మ నిలబడి ఉంది. పాట మంచి ఊపులో ఉంది. ఆడవాళ్ళందరూ చేతులు పైకెత్తారు. అత్తమ్మ ఎడమ చెయ్యి ఎప్పటిలాగే లేచింది. కుడి చెయ్యి మాత్రం భుజం దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ ఎత్తబోయింది. లేవలేదు. మెల్లగా దించేసి, ముసుగు సర్దుకుంటున్నట్టు చీర కొంగు పట్టుకుంది.

నా పాట నోట్లోనే ఆగిపోయింది. అంతకు ముందటి ఏడాది కాన్సరని ఆమెకు కుడి రొమ్ము తీసేశారు. ఇక ఏమీ లేదు, హాయిగా ఉండమని డాక్టరమ్మ చెప్పి పంపిన మనిషి ఆమె. ఆ రోజు అయ్యగారు ఏం ప్రసంగించారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను.

మా ఊరు బిట్రగుంట స్టేషన్‌లో దిగి సముద్రం వైపు ఆటోలో వస్తే, రొయ్యల గుంటలు దాటాక వస్తుంది. మా మామగారు రైల్వేలో పనిచేసి, రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంట్లో కొన్నేళ్ళయినా ఉండకుండానే పోయారు. అత్తమ్మ, మా ఆయన, నేను మిగిలాం. మా ఆయన రొయ్యల గుంటల దగ్గర పనిచేస్తాడు. కరెంటు పోతే నీళ్ళకు గాలి అందక రొయ్యలు చచ్చి తేలిపోతాయన్న బెంగతో ఇంట్లో కంటే గుంటగట్టు మీదే ఎక్కువ ఉంటాడు. నాకు కుట్టుమిషను ఉంది. అత్తమ్మకు ఊరంతా పనే.

మంచిమనిషి అనే మాట నేను ఎవరికి పడితే వాళ్ళకు వాడను. ఊళ్ళో ఆడవాళ్ళ కొలతలు తీసుకునేదాన్ని, కొలతలిస్తూ వాళ్ళు పక్కింటివాళ్ళ గురించి చెప్పే మాటలు వినేదాన్ని. మంచితనం ఎంత అరుదో నాకు తెలుసు. కానీ మా అత్తమ్మను మంచిది అనకపోతే ఆ మాట ఇక ఎవరికీ పనికిరాదు. సముద్రం ఒడ్డున చేపలుపట్టేవాళ్ళ పాళెంలో బాలింత ఉందంటే కారప్పొడి చేసి పట్టుకెళ్ళేది. ఎవరికైనా ఆఖరి ఘడియలు దగ్గరపడితే ఏ కులమో, ఏ దేవుడో అడక్కుండా వెళ్ళి మంచం పక్కన కూర్చునేది. మొండిది, కూరల్లో ఉప్పు తక్కువ వేసేది, టీవీలో సీరియల్ వస్తుంటే ఎవరు పిలిచినా పలికేది కాదు. అంతకు మించి వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు. కోడలిగా నేను గట్టిగానే వెతికాను.

అలాంటి మనిషికి అలాంటి జబ్బు రావడం మొదటిసారే నాకు మింగుడుపడలేదు. వైద్యం జరిగినన్నాళ్ళూ వెంకటాచలం దగ్గర మా పుట్టింట్లో ఉన్నాం, నెల్లూరు ఆస్పత్రికి దగ్గరని. ఆపరేషన్, ఆ తర్వాత ఇంజెక్షన్లు, ఆ తర్వాత కరెంటు పెట్టడం, అంటే రేడియేషన్. జుట్టంతా ఊడిపోయింది. వాంతులతో మనిషి సగమైపోయింది. ఊళ్ళో వాళ్ళకు మాత్రం ఒంట్లో బాగాలేదని, కోడలి పుట్టింట్లో ఉండి ప్రార్థన చేయించుకుంటోందని తెలుసు, అంతే. అదీ అబద్ధమేం కాదు. రోజూ ప్రార్థన జరిగేది. ఆడవాళ్ళ ఒంటి సంగతి పదిమందికీ చెప్పుకునేది కాదని అత్తమ్మ పట్టు.

తిరిగి ఊరికి తీసుకొచ్చే ముందు నేను ఆమె జాకెట్లన్నీ విప్పదీసి, కుడివైపు లోపల మెత్తటి దూది సంచి పెట్టి కుట్టాను. రెండు వైపులా సమంగా కనిపించేదాకా కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టాను. ఊడిన జుట్టును ముసుగు దాచింది. మిగతాది నా కుట్టు దాచింది. నా జన్మలో అంత బాగా కుట్టిన జాకెట్లు లేవు.

ఇంటికొచ్చాక కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. మాలో ఎవరికైనా పెద్ద గండం తప్పితే ఇంటి ముందు షామియానా వేసి, సంఘాన్ని పిలిచి, దేవుడికి కృతజ్ఞత చెప్పి భోజనాలు పెడతాం. గండం తప్పినవాళ్ళు మైకులో సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యానికి ఒక బాణీ ఉంది. చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినవాళ్ళం, ఎవరూ నేర్పనక్కర్లేదు. చావు ఎంత దగ్గరకు వచ్చిందో చెప్పాలి, మనుషుల వల్ల కాలేదనాలి, ప్రభువు చేశాడనాలి. మందుబిళ్ళలు, సెలైన్లు, డాక్టర్లు ఆ బాణీలో ఇమడవు. ముందురోజు ప్రార్థనకు వచ్చిన అయ్యగారు కూడా అదే గుర్తుచేశారు.

“అమ్మగారూ, ఆస్పత్రి సంగతులు ఎక్కువ వద్దండీ. మహిమ మనుషులకు పోకూడదు.”

ఆయన చెడ్డమనిషి కాదు. మేం వైద్యానికి నెల్లూరు తిరిగినన్నాళ్ళూ పాత మోటారుసైకిలు మీద అంత దూరం వచ్చి, ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని మాతో ప్రార్థించి వెళ్ళినవాడు. మహిమ విషయంలో ఆయనకున్నది కూడా ఒక రకం భయమే.

మర్నాడు అత్తమ్మ మైకు పట్టుకుంది. “నా ఒంట్లో గడ్డ లేచింది. ఇంక నేను దక్కననుకున్నారు. ప్రభువు నన్ను ముట్టుకుని బాగుచేసినాడు. ఈ పొద్దు మీ ముందర నిలబెట్టినాడు,” అంది. స్తోత్రాలతో షామియానా మోగిపోయింది. ఆమె చెప్పిన దాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. చెప్పని మాటలే చాలా ఉన్నాయి.

ఒక స్పీకరు సముద్రం వైపు తిప్పి కట్టారు. ఆ మాటలు పాళెం దాకా వినిపించాయి. తర్వాతి ఆదివారం ఎండుచేపలు అమ్మే అక్క ఒకామె మందిరానికి వచ్చి, చెప్పులు విడిచి, వెనక గోడ పక్కన కూర్చుంది. నుదుట ఇంత బొట్టు. కూడిక అయ్యాక అత్తమ్మ దగ్గరకు వచ్చి, “నీ దేవుడు నిన్ను ముట్టుకున్నాడంట గదక్కా, నేనూ ఆయన్ని చూసిపోదామని వచ్చినా. మా గంగమ్మ ఏమీ అనుకోదులే,” అని నవ్వింది. ఆ తర్వాత ఆమె వెంట పాళెం నుంచి ఇంకొందరు ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. జబ్బు తగ్గినప్పటికంటే వాళ్ళు వచ్చినప్పుడే అత్తమ్మ ముఖం ఎక్కువ వెలిగింది.

ఇదంతా జరిగిన తర్వాతే నేను ఆ చెయ్యి చూసింది.

“చెయ్యి ఎందుకు లేవలేదత్తమ్మా?” అని ఇంటికి రాగానే అడిగాను.

“నీరు దిగిందిమే. ఆపరేషన్ అయిన పక్క గదా, అంతే ఉంటది,” అంది. “ఈ జాకెట్టు కుడి చెయ్యి కుట్టు కాస్త వదులు చెయ్యి.”

వదులు చేశాను. ఆపరేషన్ తర్వాత చెయ్యి వాయడం మామూలేనని డాక్టరమ్మ చెప్పిన మాట పట్టుకుని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. ఆ వదులు చేసిన చెయ్యి వారం తిరక్కుండానే మళ్ళీ బిగుసుకుంది. మళ్ళీ విప్పాను. ఇక విప్పడానికి లోపల బట్ట లేదు. మూడు నెలలకోసారి పరీక్షకు రమ్మన్నారు కదా, ఈసారి ఎందుకు వెళ్ళలేదంటే పాళెంలో ఎవరికో కాన్పు ఉందంది. మాట తప్పించడం ఆమెకు చేతకాదు. నా వైపు చూడకుండా బియ్యంలో రాళ్ళు ఏరుతూ చెప్పింది. ఆ బియ్యంలో రాళ్ళు లేవు.

ఒక మధ్యాహ్నం ఆమెకు తల దువ్వుతున్నాను. మళ్ళీ మొలిచిన జుట్టు, పొట్టిగా, పసిపిల్లలకుండేంత మెత్తగా ఉంది. దువ్వుతూ దువ్వుతూ ఆమె చంకలో చెయ్యి పెట్టేశాను. చింతగింజల్లా గట్టిగా తగిలాయి, ఒకదాని పక్కన ఒకటి. ఆమె నా చెయ్యి తీసెయ్యలేదు.

“ఎప్పటి నుంచత్తమ్మా?”

“క్రిస్మస్ అప్పటి నుంచి.”

“నాకు చెప్పలేదే!”

“చెప్తే ఏమవుద్ది? నెల్లూరు తీసకపోతావు. ఊరంతా తెలుస్తాది. ప్రభువు బాగుచేసినాడని ఆ మైకులో చెప్పింది నేనే గదా. మళ్ళా వచ్చిందంటే ఆయన మాట ఏం గాను? పాళెం వాళ్ళు నన్ను చూసి వస్తుండారు. నన్ను చూసే పోతారు.”

“నువ్వే పోతే?” అనేశాను. అన్నాక నాలుక కొరుక్కున్నాను.

“నేను పోతే పోనీ. ఆయన పేరు పోకూడదు.” ఆ మాట అని లేచి టీ పెట్టడానికి వెళ్ళింది.

ఆమె చచ్చిపోతుందేమోనన్నదొక్కటే నా భయమైతే ఎలాగో ఓర్చుకునేదాన్ని. నాకు ఇంకో భయం పట్టుకుంది. ఇంత మంచి మనిషిని ఇన్ని బాధలు పెట్టి, బాగుచేసి, ఊరందరి ముందూ మైకు ఇప్పించి, మళ్ళీ ఈ గడ్డ పెట్టిన దేవుడు ఎలాంటివాడు? పొద్దున్నే మోకాళ్ళూనితే ఆ ప్రశ్న నోటి దాకా వచ్చేది. అడిగితే ఆయనకు కోపం వచ్చి ఈమె మీద తీర్చుకుంటాడేమోనని మింగేసేదాన్ని. మాలో ఇంకో నమ్మకం కూడా ఉంది, జబ్బును నోటితో ఒప్పుకోకూడదని. ఒప్పుకుంటే అది మన మీద హక్కు తెచ్చుకుంటుందంటారు. అందుకని ‘మళ్ళీ వచ్చింది’ అనే మాట మనసులో కూడా అనుకోకుండా తప్పించుకు తిరిగాను. దేవుడంటే ఉన్న భక్తి అంతా పోయి వట్టి భయం మిగిలింది.

మా ఆయనకు మాత్రం చెప్పేశాను. గుంటగట్టు మీద, నీళ్ళకు గాలి కొట్టే ఏరేటర్ల హోరులో చెప్పాను. ఆయన ఆ రోజే ఇంటికొచ్చి వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలాడు. శ్రమల దినాల కూడికలు జరుగుతున్నాయి, ఈస్టరు అయిపోతే వస్తానంది ఆమె. ఆమె మొండితనం ముందు మా ఇద్దరి ఆటలూ సాగలేదు. ఇంతలో దగ్గు మొదలైంది. వంటింట్లో ఆమె దగ్గితే ఇవతల నా మిషను ఆగిపోయేది. దగ్గు ఆగేదాకా నా కాలు పెడల్ మీద కదిలేది కాదు.

ఈస్టరుకు ముందు నాకు పని ఎక్కువ. ఆ పండక్కి అందరూ తెల్లబట్టలు కట్టుకుంటారు. ఒక శనివారం పొద్దున ఎండుచేపల అక్క తెల్లగుడ్డ తెచ్చింది. “నాకూ ఒక తెల్ల జాకెట్టు కుట్టమ్మా, మీవాళ్ళలో కలిసిపోతా,” అంది. కొలత తీసుకోవడానికి టేపు వెనకనుంచి తిప్పి ముందుకు తెచ్చాను. ఎడమవైపు తగలగానే ఆమె ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

“ఆడ గట్టిగా లాగబాకమ్మా, నొప్పి.”

“ఏం నొప్పక్కా?”

“గడ్డ. మీ అత్తకి లేచినట్టే నాకూ లేచింది. వానలప్పటి నుంచి ఉండాది.”

“ఆస్పత్రికి పోలేదా?”

ఆమె నన్నే వింతగా చూసింది. “మీ అత్త పోయిందా? అయ్యగారు ప్రార్థన చేసిచ్చిన నూనె రోజూ రాస్తుండా. నా కూతురు ఆస్పత్రి ఆస్పత్రి అని పోరతా ఉంటే తిట్టి పంపించినా. నమ్మకం పెట్టుకున్నాక ఆస్పత్రికి పోతే ఆయన్ని నమ్మనట్టు గాదా?”

టేపు పక్కన పెట్టేసి, అక్కా, మా అత్తమ్మకు ఆపరేషన్ అయింది, ఇంజెక్షన్లు అయ్యాయి అని గబగబా చెప్పాను. ఆమె నమ్మలేదు. అత్తమ్మ ఒంటిని రోజూ చూస్తూనే ఉంది కదా, ఏ లోటూ కనిపించలేదు. కనిపించకుండా చేసింది నా చేతులే. “నువ్వు అట్టనే అంటావులేమ్మా. నీకు మీ అత్తంత నమ్మకం లేదు, నాకు తెలుసు,” అని, గుడ్డ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఇప్పటిదాకా ఒక ప్రాణం గురించి భయపడుతున్నాను. ఇప్పుడు రెండయ్యాయి.

అత్తమ్మ పెరట్లో పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చుని జరిగింది చెప్పాను.

“ఆస్పత్రికి పోలేదని నేనెప్పుడు చెప్పినా?” అంది వెంటనే, కోపంగా.

“పోయినానని ఎప్పుడు చెప్పినావత్తమ్మా?” అన్నాను. నాకూ కోపం వచ్చింది. భయం ముదిరితే నాకు కోపమే వస్తుంది.

ఆమె చేతులు ఆగిపోయాయి. గోడ మీంచి పిల్లి దిగి గిన్నెలో మూతి పెట్టినా అదిలించలేదు. ఆమె ముఖంలో రంగు పోవడం నేను చూశాను. ఆస్పత్రిలో డాక్టరమ్మ మొదటిసారి జబ్బు పేరు చెప్పినప్పుడు కూడా ఆ ముఖం అలా కాలేదు.

“దేవుడికి కాపలా కాయమని నాకెవరు చెప్పినారుమే?” అంది చివరికి. “ఆయమ్మ నా మాట నమ్మి చచ్చిపోతుంది గదా.”

“ఇప్పుడే పోయి చెప్పు.”

“ఆమెకొక్కదానికి చెప్తే చాలదు. ఆమె వెంట ఇంకెందరున్నారో. అందరి ముందర చెప్పినదాన్ని అందరి ముందరే సరిచెయ్యాల. రేపు ఆదివారమే గదా.”

ఆదివారం సాక్ష్యాల సమయం వచ్చింది. ఒకాయన కొడుక్కి ఉద్యోగం వచ్చిందన్నాడు, ఒకామె పోయిన గొలుసు దొరికిందంది. అత్తమ్మ లేచి నిలబడింది. అయ్యగారు నవ్వుతూ మైకు అందించారు. పారిపోదామనిపించింది, నిజంగా. వెనక గోడ దగ్గర ఎండుచేపల అక్క ఎప్పటి చోటులోనే కూర్చుని ఉంది.

“అందరికీ వందనాలు,” అంది అత్తమ్మ. “ఆ పొద్దు నేను సగమే చెప్పినా. ఇప్పుడు మిగతా సగం చెప్తా. నన్ను నెల్లూరు ఆస్పత్రిలో కోసినారు. కుడి రొమ్ము తీసేసినారు. సూదులేసినారు, కరెంటు పెట్టినారు. జుట్టంతా ఊడిపోయింది. ఈ జాకెట్టులో ఉండేది దూది. నా కోడలు కుట్టింది.”

ఆడవాళ్ళ చూపులన్నీ ఆమె జాకెట్టు మీదికి, అక్కడి నుంచి నా మీదికి వచ్చాయి. నేను తల దించుకున్నాను.

“ప్రభువు బాగుచేసినాడన్నా. అది అబద్ధం గాదు. ఆ డాక్టరమ్మ చేతులతోనే చేసినాడు. ఆ చేతుల సంగతి దాచినా. ఇప్పుడా జబ్బు మళ్ళా వచ్చింది.”

“స్తోత్రం!” అని ఎవరో అలవాటుగా గట్టిగా అనేశారు. అన్నాక అర్థమై చప్పున నోరు మూసుకున్నారు. ఫ్యాన్ల చప్పుడు, మైకు గుయ్యిమనడం తప్ప ఇంకేమీ వినబడలేదు.

“ఎందుకొచ్చిందో నాకు తెలవదు. ఆయన్ని అడిగినా. ఇంకా చెప్పలేదు. చెప్పకపోయినా ఆయన నా దేవుడే, నేను యాడికీ పోను. కానీ నాకు మాదిరి గడ్డ మీలో ఎవరికన్నా ఉంటే నూనె రాసుకోని ఇంట్లో కూర్చోబాకండి. రేపు పొద్దున నేను నెల్లూరు పోతుండా. నాతో రాండి.”

ఆమె ఎవరి వైపూ చూడలేదు, ఎవరి పేరూ ఎత్తలేదు. మైకు తిరిగి ఇవ్వబోతే అయ్యగారి చెయ్యి ముందుకు రాలేదు. ఆయన అలాగే వేదిక మెట్టు మీద కూర్చుండిపోయారు. నేను వెనక్కి తిరిగి చూసేసరికి గోడ పక్కన ఎవరూ లేరు. ఎండుచేపల అక్క లేచి వెళ్ళిపోయింది.

మందిరం బయట మాటలు నా చెవిన పడుతూనే ఉన్నాయి. విశ్వాసం చాలలేదేమో అన్నారు. దాచిన పాపం ఏదో ఉండి ఉంటుందన్నారు. నోటితో ఒప్పుకోవడమే తప్పయిందని ఇంకొకామె తేల్చేసింది. ఆ మాట అన్నామె బాలింతగా ఉన్నప్పుడు ఆమె గుడ్డలు ఉతికింది మా అత్తమ్మే. నాకు ఒళ్ళు మండిపోయింది. అత్తమ్మ మాత్రం, “వాళ్ళకూ భయంగా ఉండాదిలేమే,” అని నన్ను చెయ్యిపట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆటో వచ్చి నిలబడింది. దాన్ని తీసుకొచ్చింది అయ్యగారు. డ్రైవరు పక్కన కూర్చుని ఉన్నారు, ముఖం పీక్కుపోయి ఉంది. అత్తమ్మ ఎక్కింది, నేను ఎక్కాను. పాళెం దారి వైపు చూస్తూ కూర్చున్నాం. ఎవరూ రావడం లేదు. డ్రైవరు రెండుసార్లు వెనక్కి చూశాడు. ఎండుచేపల అక్క రాకపోతే ఏమవుతుందో నేను పైకి అనలేదు, అత్తమ్మా అనలేదు.

చివరికి దారి మలుపులో ఆమె కనిపించింది. వచ్చి ఆటో ఎక్కుతూనే, “ముందే చెప్పుంటే నీ సొమ్మేం పోయుండేదక్కా?” అని అత్తమ్మ మీద కయ్యిమంది. అత్తమ్మ జరిగి చోటిచ్చింది. కొడవలూరు దాటేదాకా అక్క ముఖం తిప్పుకునే ఉంది. ఆ తర్వాత అత్తమ్మకు దగ్గు తెర వస్తే తనే వీపు రాసింది.

ఆ తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను, దాచడం వల్ల ఏమవుతుందో చూశాను గనక. ఎండుచేపల అక్కకు గడ్డ ఇంకా పాకలేదన్నారు. ఆపరేషన్ చేశారు, ఆమె బతికింది. ఇప్పుడు ఆమె జాకెట్లకు దూది కుట్టేది నేనే. అత్తమ్మకు అప్పటికే ఊపిరితిత్తుల్లోకి పాకింది. మళ్ళీ వచ్చే వానాకాలం ఆమె చూడలేదు. సమాధి దగ్గర మట్టి వేసి అందరూ వెళ్ళిపోయాక అక్క నా పక్కన నిలబడి అడిగింది, “నన్ను ఉంచి ఆమెను ఎందుకు తీసకపోయినాడమ్మా మీ దేవుడు?” నాకు తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు. అయ్యగారు చెప్పారు, పెద్దలు చెప్పారు, ఏ సమాధానమూ నా భయం తీర్చలేదు. అయినా ఆదివారం వస్తే వెళ్ళి ఆమె కూర్చున్న చాప మీదే కూర్చుంటున్నాను. ఎందుకంటే ఆటోలో వెళ్ళిన ఆ రోజు ఆస్పత్రిలో జరిగింది నేను మరిచిపోలేను.

స్కానింగ్ గది బయట ఇనప కుర్చీల్లో మేం ముగ్గురం కూర్చున్నాం. ముందు పిలిచేది అత్తమ్మనే. అయ్యగారు కింద చీటీల వరుసలో నిలబడ్డారు. చల్లటి గాలి పెట్టారు అక్కడ, అత్తమ్మ చీర కొంగు నిండా కప్పుకుంది. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

“భయమేస్తుందిమే,” అంది.

ఆ మాట ఆమె నోట నేను ఎప్పుడూ వినలేదు. ఆమె భయపడదనే ధైర్యంతోనే నేను అన్నాళ్ళూ భయపడుతూ బతికాను. ఇప్పుడు నాకు పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

“ప్రార్థన చెయ్యి,” అంది.

మొదలుపెట్టాను. “సర్వశక్తిగల తండ్రీ, కృపామయుడవైన దేవా, ఈ ఘడియ వరకు మమ్మల్ని కాచి కాపాడినందుకు...” అలవాటైన మాటలన్నీ వరసగా వస్తున్నాయి. అత్తమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది.

“అవన్నీ ఆయనకి తెలిసినవే. నీ లోపల ఉండే మాట చెప్పు.”

“నా లోపల మంచి మాటేమీ లేదత్తమ్మా.”

“లేకపోతే లేదు. ఉండేదే చెప్పు.”

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. “ప్రభువా, మాకు భయంగా ఉండాది,” అన్నాను. “నువ్వంటే గూడా నాకు భయంగా ఉండాది. ఈమెను తీసకపోబాక.” ఇంకేమీ రాలేదు. ఇంతకాలం మింగుతూ వచ్చిన మాట అది. పైన పిడుగేమీ పడలేదు. ఎవరో తోపుడు కుర్చీలో ఒక ముసలాయన్ని మా ముందు నుంచి తోసుకెళ్ళారు.

“ఆమెన్,” అంది అత్తమ్మ. అవతలి పక్క నుంచి ఎండుచేపల అక్క కూడా అంది, ఎప్పుడనాలో తెలియక కాస్త ఆలస్యంగా.

లోపలి నుంచి పిలిచారు. అత్తమ్మ కళ్ళజోడు తీసి నా ఒళ్ళో పెట్టింది. కుర్చీ చేతులు పట్టుకుని లేచి, తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది. కళ్ళజోడు లేదు గనక నేను సరిగా కనిపించి ఉండను. నేనున్న వైపు చూసి చెప్పింది.

“ఆపబాకమే. నేనొచ్చేదాకా అదే చెప్తా ఉండు.”

చెప్తూనే ఉన్నాను.